కొలతల పుస్తకంలో ఇంకో గడి

బడి యూనిఫాం గుడ్డ కొత్త తాను విప్పగానే గంజి వాసన వస్తుంది. కుట్టుపని చేసే వాళ్లందరికీ తెలిసిన వాసనే. నాకు మాత్రం దాని వెనకాలే ఇంకో వాసన తగులుతుంది, సూది వేసే ముందు దూదితో పూసే స్పిరిట్ వాసన. ఈ జూన్‌లో కూడా అంతే. తాను బల్ల మీద పరిచి, గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. గుడ్డలో స్పిరిట్ ఎందుకుంటుంది? ఉండదు. ఒకప్పుడు ఇదే బల్ల మీద ఒక పక్క నా తాన్లు, ఇంకో పక్క మంగ్లక్క టీకాల సంచి ఉండేవి. ఆ రెండు వాసనలూ నా ముక్కులో కలిపి కుట్టేసినట్టు ఉండిపోయాయి.

మంగ్లక్క మా నర్మెట్ట చుట్టుపక్కల ఊళ్లకూ తండాలకూ నర్సు. పూర్తి పేరు మంగ్లీబాయి. సొంతూరు గూడూరు అవతల, అడవి అంచున ఒక తండా. ఇంట్లో లంబాడీ మాట, బయట మా మాట. పొట్టి మనిషి. నడక మాత్రం రైలు కదిలిపోతున్నట్టు ఉండేది. ఆమె ఎప్పుడైనా మెల్లగా నడిచిందంటే ఆ వీధిలో ఎవరో టీకా తప్పించుకుని దాక్కున్నారని అర్థం.

నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఎనిమిదో తరగతితో నా బడి ఆగింది. కానీ నేను మిషన్ పెట్టుకున్న గదికి ఎదురుగానే గ్రంథాలయం. సాయంత్రం తలుపు తెరవగానే అరగంట అక్కడ కూర్చునేదాన్ని. మొదటి రోజు నేను లోపలికి అడుగుపెడితే పేపర్లు చదివే ముసలాళ్లందరూ తలలెత్తారు. గ్రంథాలయం సారు నేను తన ప్యాంటు ఇవ్వడానికి వచ్చాననుకుని "రేపు తీసుకుంటనమ్మా" అన్నాడు. మూడేళ్లలో అక్కడి ఆరోగ్యం పుస్తకాలన్నీ చదివేశాను. ఒక పెద్ద విజ్ఞాన గ్రంథం కూడా ఉండేది. అన్ని సంపుటాల్లో మాకు దక్కింది ఒక్కటే, 'క' నుంచి 'ఛ' వరకు. అందుకని కాలేయం, గుండె, చర్మం గురించి ఎవరడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఊపిరితిత్తులు ముందు సంపుటంలో, జ్వరం తర్వాతి సంపుటంలో ఉండిపోయాయి. ఆ రెండింటి కొరతను నేను పేపర్లతో పూడ్చుకున్నాను.

నాకు అసలు కావలసింది కూడా ఆ రెండే. మా కావ్యకు అప్పుడు మూడేళ్లు. జలుబు చేసిందంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అవి విన్న ప్రతిసారీ నా కాళ్లు మిషన్ తొక్కడం మానేసేవి. నా చదువంతా ఆ కూతల చుట్టూ తిరిగిందే అనుకోవచ్చు.

మంగ్లక్క మొదటిసారి నా దగ్గరికి వచ్చింది తెల్లకోటుకు జేబులు కుట్టించుకోవడానికి.

"రజితా, రెండు జేబులు పెట్టు. ఒకటి గడియారానికి, ఒకటి బిస్కెట్లకు" అన్నది.

"బిస్కెట్లు నీకా అక్కా?"

"నావి చాయ్‌ల ముంచుకునేటివి ఇంట్ల ఉన్నయ్. గివి పరీక్షకు."

ఆ పరీక్ష ఏమిటో తరువాత నా కళ్లతోనే చూశాను. జ్వరం వచ్చిన పిల్లవాడి ఇంటికి వెళ్లగానే ఆమె నుదురు పట్టుకునేది కాదు. మంచం పక్కన వాడి అక్కనో తమ్ముణ్నో నిలబెట్టి, జేబులోంచి ఒక్క బిస్కెట్ తీసి ఇద్దరికీ మధ్యలో చాపేది. ఒక్కటే. ఇద్దరూ దాని మీద పడి గీరుకుని, కొరుక్కుని, బొబ్బలు పెడితే మంగ్లక్క మొహం విప్పారేది. "కొట్లాడుతున్నరు, మంచిగున్నరు" అని ఇంకో బిస్కెట్ తీసేది. జ్వరం పిల్లవాడు బిస్కెట్ వైపు చూడకపోతే మాత్రం రెండో జేబులోంచి గడియారం బయటికి వచ్చేది. అంగీ పైకెత్తి, పొట్ట ఎగసిపడడం చూస్తూ, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టేది. అదీ తన భాషలో. ఏక్, ది, తీన్, చార్...

"మాకు తెలిసేటట్టు తెలుగుల లెక్కపెట్టవచ్చు గదక్కా" అన్నాను ఒకసారి.

"మీ లెక్క పొడుగు పిల్లా. ఇరవై ఏడు అని నోరు తిరిగేలోపు పోరడు రెండుసార్లు ఊపిరి తీస్తడు. మాది పొట్టిగుంటది. పది కాంగనే ఒక వేలు మడుస్త."

నాకు తెలుగు మీద అభిమానం ఎక్కువ. ఆ రోజే ఇంటికి వెళ్లి, నిద్రపోతున్న కావ్య పక్కన కూర్చుని, స్పష్టమైన ఉచ్చారణతో లెక్కపెట్టాను. నేను ఇరవై తొమ్మిది అనేసరికి పిల్ల లేచి మంచినీళ్లు అడిగింది.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడు నా జ్ఞానానికి పండగ అయింది. పేపర్లో ఆ వార్త పడిన రోజు నుంచి నేను గుడ్డ కత్తిరించడం కన్నా మాట్లాడడమే ఎక్కువ చేశాను. జాకెట్టు కొలతలకు వచ్చిన ఆడవాళ్లను చేతులు చాపించి నిలబెట్టి, వాళ్లు కదల్లేని ఆ స్థితిలో ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని. ఏటా చలికాలం వచ్చే ఫ్లూ వేరు, ఇది వేరు. ఏటా వచ్చేది మన ఒంటికి తెలిసిన చుట్టం లాంటిది, కొంచెం ముసుగు మార్చుకుని వస్తుంది కానీ నడక గుర్తుపట్టగలం. ఇది ఎవరూ చూడని కొత్త మనిషి. దేశాలు దాటి వస్తుంది. నా మాటలు విని ఒకావిడ కొలతలు సగంలో వదిలేసి వెళ్లిపోయింది. ఆమె జాకెట్టు చేతులు ఆ ఏడు అందాజుగా కుట్టాను.

లైనింగ్ ముక్కలతో మాస్కులు కూడా కుట్టాను. అడిగిన వాళ్లకు చీరకు సరిపోయే రంగులో. గ్రంథాలయంలో పేపర్ చదివే రాజయ్య తాతకు నీలం రంగుది ఇచ్చాను. మర్నాడే తిరిగి తెచ్చాడు.

"బిడ్డా, గిది మంచిగున్నది గాని, నడుమ ఒక కాజా కుట్టు."

"మాస్కుకు కాజా ఎందుకు తాతా?"

"బీడీకి."

కావ్యను మాత్రం ఇల్లు కదలనివ్వలేదు. వారాల తరబడి తలుపు దగ్గరికి వేసి ఉంచాను. అది గుడ్డ మీద గీసే నా చాక్‌పీసు ముక్కలతో గోడలన్నీ నింపేసింది. మా అత్త చూసి చూసి, "ఇగ పిల్లను సందుగల పెట్టి తాళమెయ్యి, ఫికరే ఉండదు" అన్నది. నేను ఆమెకు కూడా ఉపన్యాసం ఇచ్చాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మంగ్లక్క వచ్చి బల్ల మీద సంచి పెట్టి కూర్చుంది. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

"ఊరందరికీ చెప్తున్నవట గద. నాకూ చెప్పు, కొత్త జ్వరానికీ పాత జ్వరానికీ ఫరక్ ఏంది?"

చెప్పాను. చుట్టం, కొత్త మనిషి, ముసుగు, అన్నీ.

ఆమె ఓపిగ్గా విని, "గది సరే. పోరని మొఖం జూసి ఎట్ల చెప్పాలె? నిరుడు చలికాలం గదే దగ్గు, గదే ముక్కు, గదే ఒళ్లునొప్పులు. ఇప్పుడూ గవే. పరీక్షకు పంపేది ఏ ఒక్కరినో. మిగిలినోళ్ల నుదుటి మీద రాసి ఉంటదా?" అన్నది.

ఫరక్ లేకుండా ఎట్లా ఉంటుంది, పేపర్లో అంత పెద్ద అక్షరాలతో వేశారు కదా అన్నాను. అయితే చూద్దాం పట్టు అని సంచిలోంచి రెండు పొడుగు నోటుబుక్కులు తీసింది. ఒకటి నిరుటి చలికాలం జ్వరాలది, ఒకటి ఆ ఏటిది. ఆమె తిరిగిన ఇళ్లలో జ్వరం వచ్చిన ప్రతి పిల్ల పేరూ, లక్షణాలూ అందులో ఉన్నాయి. వయసుల దగ్గర మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలే. తల్లులను అడిగితే ఒకామె చెరువు కట్ట తెగిన ఏడు పుట్టాడని చెప్పింది, ఇంకొకామె మా బర్రె ఈనిన నెల అన్నది. చెరువు కట్ట రెండుసార్లు తెగింది. బర్రె ఎన్నిసార్లు ఈనిందో నర్సుకేం తెలుసు?

జాకెట్ల నమూనాలు కత్తిరించుకునే ఖాకీ కాగితం పరిచి, నడుమ గీత గీసి, ఎడమ పక్క పాత జ్వరం, కుడి పక్క కొత్త జ్వరం అని రాశాను. జ్వరం, దగ్గు, ముక్కు కారడం, వాంతి, విరేచనం, ఆయాసం. ఆమె చదవడం, నేను గీతలు పెట్టడం. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. చివరికి కాగితం ఎత్తి పట్టుకుని చూస్తే రెండు పక్కలూ ఒకే జాకెట్టుకు కత్తిరించిన రెండు చేతుల్లా ఉన్నాయి. కుడి ఎడమల తేడా తప్ప కొలత ఒక్కటే. నెల రోజులుగా ఊరినంతా బెదిరించిన దాన్ని, నాకు ఎంత నిరాశ కలిగిందో చెప్పలేను. మంగ్లక్క మాత్రం నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో పెట్టుకుంది.

కాగితం చుట్టబోతుంటే ఆమె చేయి పట్టుకుని ఆపింది. "ఆగు. నువ్వు ఈ ఏటి పేర్లకు గీతలు పెట్టుకుంట ఏదో గొణిగినవ్. ఏంది గది?"

నాకే తెలియకుండా గొణుగుతున్నాను. వీడి ఛాతీ ఇరవై ఆరు. ఈ పిల్ల గౌను కింద మడత రెండుసార్లు విప్పాను. వీడు జేబు చింపుకుని వచ్చాడు. జ్వరం వచ్చిన పిల్లలందరూ నా యూనిఫాం కొలతల పుస్తకంలో ఉన్నవాళ్లే. నిరుటి పేర్లకు మాత్రం ఒక్క గొణుగుడూ రాలేదు.

"నిరుటి వాళ్లు ఎవరక్కా? నాకు ఎవ్వరూ తెలువదు."

"గీళ్లకు నిక్కరే లేదు పిల్లా, నీకెట్ల తెలుస్తరు?" అన్నది. అని, తన మాట తనకే వినబడి, నిటారుగా కూర్చుంది.

అప్పుడు కొలతల పుస్తకం తెచ్చి పేరుపేరునా పోల్చి, తేలింది ఆ ఖాకీ కాగితం అడుగునే రాసుకున్నాం. నిజమే. నిరుటి చలికాలం జ్వరం ఎక్కువగా పట్టుకున్నది చంకపిల్లలను, ఇంకా బడి మొహం చూడని వాళ్లను. ఈ ఏటిది బడి పిల్లలను పట్టుకుంది, బెంచీ తరువాత బెంచీ. ఒక్కో పిల్లలో చూస్తే రెండు జ్వరాలకూ పెద్ద తేడా లేదు. ఏ పిల్లలకు వస్తుందన్న దగ్గర ఉంది తేడా. మంగ్లక్క వెంటనే, "మన పట్టీల ఉన్నోళ్లందరికీ గా కొత్తదే వచ్చిందని అనలేం. మనకు తెల్వది. ఊరికే చెప్పకు" అని హెచ్చరించింది. కానీ మర్నాటి నుంచి పొద్దున్నే ముందు బడికి వెళ్లి, తరువాతే ఇళ్లకు తిరిగేది. ఆరోగ్య కేంద్రం మీటింగులో ఈ సంగతి చెబితే డాక్టరు తల ఊపాడట. ఆ తల ఊపడం గురించి నేను గ్రంథాలయంలో కనీసం పదిమందికి చెప్పి ఉంటాను.

ఆ ఏడు కావ్యకు ఏమీ కాలేదు. భయం కూడా మెల్లగా పోయింది. మాస్కుల ముక్కలు బొంత అయ్యాయి. మరుసటి చలికాలం, ఒక సోమవారం, కావ్యకు జ్వరమూ దగ్గూ వచ్చాయి.

నేను ఏమాత్రం కంగారు పడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేసేది అదే. లేని జబ్బుకు వారాల తరబడి పిల్లను గదిలో పెట్టిన దాన్ని, ఉన్న జబ్బును చూసి నవ్వుకున్నాను. మా అత్త "దవాఖానకు పోదాం పా" అంటే, "అత్తా, ఇది ఏటా వచ్చేది. మామూలుది. ఒంటికి తెలిసిన చుట్టం" అన్నాను. మా ఆయనకూ చెప్పాను. మంగళవారం పిల్లికూతలు మొదలయ్యాయి. ఆవిరి పట్టించి, గ్రంథాలయం పుస్తకం తెరిచి, మామూలు ఫ్లూ వారంలో తగ్గుతుందన్న వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. బుధవారం పెళ్లి జాకెట్ల పని ఉండి, పిల్లను దుకాణానికి తెచ్చి గుడ్డల కుప్ప మీద పడుకోబెట్టాను. అది అల్లరి చేయలేదు. చాక్‌పీసు అడగలేదు. మంచి పిల్ల అయిందనుకున్నాను.

మధ్యాహ్నం మంగ్లక్క జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. లోపలికి రాగానే కుప్ప వైపు చూసింది. జేబులోంచి బిస్కెట్ తీసి కావ్య ముందు పెట్టింది. కావ్య కళ్లు తెరిచి, బిస్కెట్‌ను గోడను చూసినట్టు చూసి, మళ్లీ మూసుకుంది.

"అక్కా, పరేషాన్ గాకు. కొత్తది గాదు, గిది మామూలుదే" అన్నాను.

ఆమె గడియారం తీసింది. గౌను పైకెత్తింది. ఏక్, ది, తీన్... వేళ్లు మడుస్తూ పోయింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో వేలు మడిచినప్పుడు నేను కత్తెర పట్టుకుని లేచి నిలబడ్డాను. ఐదో వేలు కూడా మడిచి, పిడికిలి అయిన చేతిని అలాగే పట్టుకుని, ఇంకా లెక్కపెట్టింది.

"గీడ చూడు" అని పక్కటెముకల కింద చూపించింది. ఊపిరి తీసినప్పుడల్లా అక్కడ గుంట పడుతోంది. మూడు రోజులుగా నా కళ్ల ముందే పడుతున్న గుంట.

"రజితా, కావ్య పేరు నీ కొలతల పుస్తకంల ఉన్నదా?"

"లేదక్కా." దానికి ఇంకా యూనిఫాం వయసు రాలేదు.

"మరి మామూలుది ఎవరిని పట్టుకుంటదని రాసినం మనం?"

బడి మొహం చూడని వాళ్లను అన్న జవాబు ఆ ఖాకీ కాగితం మీద నా చేతిరాతతోనే ఉంది. కాగితం బల్ల కిందనే ఉంది.

ఆటో మాట్లాడి జనగామ పెద్ద దవాఖానకు బయలుదేరాం. దారంతా మంగ్లక్క పిల్లను నిటారుగా ఒళ్లో పెట్టుకుని, పొట్ట మీద చేయి వేసి లెక్కపెడుతూనే ఉంది. ఆ ఆటో మోతలో ఆమె గొంతు నాకు సరిగా వినబడలేదు. పెదాలు చూస్తూ కూర్చున్నాను. పెదాలు ఆగితే ఏమవుతుందో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ పిల్లను తీసుకుని ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది, పొగలా వచ్చే మందు పీల్పించింది. ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగిందనీ, పిల్లికూతలు ఉన్న పిల్లలకు అది త్వరగా దిగుతుందనీ, ఇంకో రాత్రి గడిచి ఉంటే కష్టమయ్యేదనీ చెప్పింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఆపరేషన్ గిట్ల మీరే చేద్దామనుకున్నరా?" అని అడిగింది. కిందికి చూసుకున్నాను. మెడలో టేపు, చేతిలో కత్తెర. నర్మెట్ట నుంచి అవి అలాగే పట్టుకుని వచ్చాను.

ఆ స్థితిలో కూడా నేను అడిగిన మాట ఏమిటంటే, "మేడం, ఇది పాత రకమా, కొత్త రకమా?" అని. డాక్టరమ్మ, "గది తేలేసరికి మీ పాప ఇంటికి పోయి ఆడుకుంటదమ్మా. ఏ రకమైనా ఇప్పుడు చేసేది గిదే" అన్నది. మంగ్లక్క గోడ దగ్గరి నుంచి ముందుకు వచ్చింది. నా చేతిలోంచి కత్తెర మెల్లగా తీసుకుని తన సంచిలో వేసుకుంది.

శనివారం ఆమె మళ్లీ వచ్చింది. కావ్యకు ఆక్సిజన్ తీసేశారు, కానీ ముఖం ఇంకా వాడిపోయి ఉంది. పక్క మంచం మీద స్టేషన్ ఘన్‌పూర్ పిల్లవాడు ఒకడు. మంగ్లక్క రెండు మంచాల నడుమ నిలబడి, జేబులోంచి ఒక్క బిస్కెట్ తీసి చాపింది. పిల్లవాడు చేయి జాపాడు. కావ్య ముందుకు వంగి, బిస్కెట్‌ను కాదు, వాడి చేతినే కొరికింది. వాడు వార్డంతా వినబడేలా ఏడ్చాడు. వాడి తల్లి నా మీదికి వచ్చింది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తూ నవ్వుతుంటే పిచ్చిదాన్ననుకుని వెనక్కి తగ్గింది.

బయట చాయ్ తాగుతుండగా, "ఇగ పుస్తకాలు ముట్టనక్కా" అన్నాను.

"గట్లెందుకు? చదువు. నువ్వు చదవకపోతే గా కాగితం ఏడికెళ్లి వస్తుండె? చదివినంక లేచి పిల్లదాన్ని చూడు, గంతే" అని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంది. అది తన బిస్కెట్. కత్తెర తిరిగి ఇచ్చింది.

రెండేళ్ల తరువాత ఆమెకు భూపాలపల్లి వైపు బదిలీ అయింది. వెళ్లేటప్పుడు నాలుగు జేబుల కోటు కుట్టి ఇచ్చాను. అక్కడే రిటైరై, సొంత తండాకు చేరింది. మొన్నటి పెద్ద జబ్బు కాలంలో నేను ఫోన్ చేసి, "అక్కా, ఇది మళ్లీ కొత్తదట" అని మొదలుపెట్టగానే, "గడియారం ఏడున్నది నీది?" అని అడిగింది.

ఆమె పోయిన కబురు నిరుడు వానాకాలంలో తెలిసింది. గూడూరు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. తండా ఆడవాళ్లు పాటలా రాగం తీసి ఏడుస్తున్నారు. ఒక్క మాటా అర్థం కాక, ఏడుపు రాక, పరాయిదానిలా నిలబడ్డాను. పక్కనే ఒక ముసలమ్మ వచ్చినవాళ్లకు అన్నం పెట్టడానికి విస్తర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏక్, ది, తీన్, చార్... ఆ భాషలో నాకు తెలిసినవి ఆ పది మాటలే. అప్పుడు వచ్చింది ఏడుపు. ముసలమ్మ లెక్క ఆపి, నన్ను కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది.

ఇప్పుడు కావ్య హన్మకొండలో డిగ్రీ చదువుతోంది. ఎవరినీ కొరకడం లేదు. ఈ జూన్‌లో గుడ్డ తాను విప్పిన రోజే ఒక తల్లి కొడుకునూ కూతుర్నీ యూనిఫాం కొలతలకు తెచ్చింది. పిల్లవాడు రెండుసార్లు దగ్గాడు. ఛాతీకి టేపు చుట్టి, ఇరవై నాలుగు అని రాసుకున్నాక కూడా టేపు తీయలేదు. గోడ గడియారం వైపు చూస్తూ పెదాలు కదిపాను.

"ఏం లెక్క గది, అక్కా?" అన్నది తల్లి.

"ఆగు, మధ్యల మాట్లాడకు" అన్నాను.

నా కొలతల పుస్తకంలో పొడుగు, ఛాతీ, నడుము, భుజం తరువాత ఇంకో గడి ఉంటుంది. ఏ దర్జీ పుస్తకంలోనూ ఉండదు. పిల్లవాడి ఊపిరి అందులో రాశాను. మామూలుగానే ఉంది. అయినా సొరుగు తెరిచి, ఒక్క బిస్కెట్ తీసి, అన్నాచెల్లెళ్ల నడుమ పెట్టాను. చెల్లెలు లాక్కుంది. అన్న జుట్టు పట్టుకున్నాడు. కొత్త తాను కింద పడి, దాని మీద ఇద్దరూ దొర్లారు. తల్లి చేయి ఎత్తి కొట్టబోయింది.

నేను ఆ చేయి పట్టుకుని ఆపాను. "కొట్టుకోనియ్యి" అన్నాను.